స్కూటరుకు గిద్దెడు నూనె

"నిన్నెవలు ఇప్పమన్నరే దాన్ని?"

"ఎవలు జెప్పాలె? నేనే ఇప్పిన."

"రేపు పొద్దుగాల డాక్టరు ముందట నిలవడాలె నేను. ఇప్పనీకి గియ్యాలనే దొరికిందా నీకు?"

"రేపున్నది గావట్టే గియ్యాల ఇప్పిన. నడిమిట్ల ఆగితె ఏంజేస్తవ్? నూక్కుంట పోతవా? నూక్కుంట పోయి ఆ డాక్టరు ముందట రొప్పుకుంట నిలవడ్తవా?"

"ఆడిదానివి, పానా వట్టుకోని వాకిట్ల కూసుంటివి. వాడకట్టు మొత్తం గోడల మీదికెల్లి సూస్తున్నది."

"సూడనీ. వాడకట్టు వచ్చి నీకు కిక్కు కొడ్తదా?"

"నూనె సీస ఏది? ఈడ కిటికిల పెట్టిపోయిన."

"దాసిపెట్టిన."

"దాసిపెట్టినవా! మరి పెట్రోల్ల నూనె పొయ్యలేదా?"

"ఎందుకు పొయ్యలే? పోసిన. గిద్దతోని కొలిసి పోసిన."

గిద్ద అంటే వంటింట్లో నూనె కొలుచుకునే చిన్న కొలత. ఆ మాట వినేసరికి నా పెనిమిటి ప్రకాశం మిల్లు నుంచి వచ్చినవాడు వచ్చినట్టే అరుగు మీద కూలబడ్డాడు. అంతసేపూ వంటింటి గడపలో నిలబడి చెవులప్పగించిన మా అత్త ఎస్తేరమ్మ మాత్రం ఊరుకోలేదు. "అయిపాయె. గిద్దతోని పోసిందంట. ఇగ నీ స్కూటరును అటుక మీద పెట్టుకో కొడుకా, కట్టెలన్న ఆరేసుకుందం" అంది. ఆమె కూడా ఆ పనిలో చెయ్యి పెట్టిందన్న సంగతి అప్పటికి కొడుకుకు తెలియదు.

ఈ తగాదా నాకు మొన్న గుర్తుకొచ్చింది. మా మనవరాలు స్నేహ పోచారంలో ఉద్యోగం చేస్తుంది. పొద్దున పోతూ పోతూ ఉప్పల్ మెట్రో స్తంభాల కింద బండి ఆగిపోయిందని ఫోను చేసింది. "ప్లగ్గు తీసి చూసినవా?" అని అడిగాను. అవతల నవ్వు. "నానమ్మా, ఇది బటన్ బండి. కంపెనీ వాళ్లకు ఫోన్ చేసిన, వచ్చి ఎత్తుకుపోతరు" అంది. వచ్చారు, ఎత్తుకుపోయారు, ఏదో డబ్బీ మార్చి తెచ్చిచ్చారు. పాత డబ్బీ ఏమయిందని అడిగితే పారేశారంది. దాన్ని తుడిచి చూశారా, గీకి చూశారా, ఎవరికీ తెలియదు. ఆ రోజంతా నాకు మనసులో అదే. పాడయింది అని చెప్పగానే పారేయడమేనా? దేనివల్ల పాడయిందో అడగొద్దా? నేను నాలుగో తరగతి దాకా చదివిన మనిషిని, మిషను బడిలో. నాకు ఇంజను సంగతి బడిలో ఎవరూ చెప్పలేదు. భయం నేర్పింది.

ఆ భయం ఏమిటో చెప్పాలి. మేము ఉప్పల్‌లో పెంకుటింట్లో అద్దెకుండేవాళ్లం. ఆయన నాచారంలో ఒక నూలు మిల్లులో, పత్తి దులిపే ఖాతాలో పనిచేసేవాడు. ఇంటికొచ్చేసరికి కనుబొమల మీద, చెవుల మీద తెల్లటి నూగు ఉండేది. గుమ్మం బయటే చొక్కా విప్పి దులిపేవాడు. కొన్నేళ్లకు ఆ దులుపుడు తర్వాత దగ్గు మొదలయింది, దగ్గు తర్వాత ఆయాసం. సైకిలు తొక్కలేకపోయాడు. హబ్సిగూడ ఎత్తు దగ్గర దిగి నడిపించేవాడు. బస్సెక్కాలంటే పరుగెత్తాలి, వేలాడాలి. చివరికి ఊళ్లో ఆయన వాటా చెలక అమ్మి ఒక గుమాస్తా దగ్గర పాత స్కూటరు కొన్నాం. బూడిద రంగు బండి. ఇంటికి తెచ్చిన రోజు మా అత్త దాని ముందు నిలబడి ప్రార్థన చేసి, ఆమెన్ అన్నాక, "దేవా, ఇదన్న తిన్నంగ నడవనీ" అని మళ్లీ ఒక మాట కలిపింది.

అది తిన్నగా నడవలేదు. కొన్నాళ్లు పరుగెత్తేది, కొన్నాళ్లు మొండికేసేది. దాన్ని ఒక పక్కకు వంచి, లేపి, కిక్కు మీద కిక్కు కొట్టేవాడు. సైకిలు తప్పించిన ఆయాసం కిక్కులో తిరిగొచ్చింది. పొద్దున నేను జొన్నరొట్టె తడుతూ ఆ చప్పుడే వినేదాన్ని. కిక్కు చప్పుడు, తర్వాత ఆయన ఊపిరి, మళ్లీ కిక్కు. రెండు కిక్కుల మధ్య సందు ఎక్కువైతే నా చేతిలో రొట్టె ఆగిపోయేది. పెనం మీది రొట్టె మాడినా తెలిసేది కాదు. ఇంజను అందుకుని వాకిలంతా నల్లటి పొగ కమ్మాక గాని నేను ఊపిరి పీల్చుకునేదాన్ని కాదు. ఇంట్లో అల్లం మిరియాల కషాయం వాసన, పెట్రోలు వాసన, కిరసనాయిలు పొయ్యి వాసన కలిసి ఉండేవి. ఇప్పటికీ ఎక్కడైనా అల్లం మరిగితే నా చెవి వాకిలి వైపే పోతుంది.

ఉప్పల్ చౌరస్తాలో రేకుల కింద యూసుఫ్ అనే మేస్త్రీ స్కూటర్లు బాగుచేసేవాడు. బండి అక్కడికి పోయినప్పుడల్లా నేనూ వెంట పోయేదాన్ని. ఆయన ఒక్కడే పోతే మేస్త్రీ ఏది చెబితే దానికి తలూపి వస్తాడు. నేను రాయి మీద కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, యూసుఫ్ చేతులు చూసేదాన్ని. కుడి పక్క డొప్ప ఊడదీసేవాడు. ప్లగ్గు మీది టోపీ లాగేవాడు. గొట్టం లాంటి పానా తొడిగి తిప్పేవాడు. ప్లగ్గు బయటికొచ్చేది, నల్లగా, తడిగా, మసిగుడ్డలా. గరుకు కాగితంతో రుద్ది, పొడిగుడ్డతో తుడిచి, మళ్లీ బిగించేవాడు. అంతే పని. ఈ అంతే పనికి నా మొగుడు పొద్దుటి పూట ప్రాణం ఎగబోసుకోవాలా అనిపించింది.

"ఏందమ్మా, అట్ల గుడ్లు మిటకరిస్తున్నవ్? నజర్ తగుల్తది నా చేతికి" అనేవాడు యూసుఫ్.

"నీ చెయ్యి ఎవలికి గావాలె? ఆ ప్లగ్గు ఎట్ల వచ్చిందో సూస్తున్న."

"సూడు, సూడు. నువ్వు నేర్చుకుంటె నా పిల్లలేం తింటరు?"

అన్నాడే గాని దాచలేదు. పాత పానా ఒకటి, తుప్పు పట్టింది, నా ముందు పడేశాడు. నేను దాన్ని కిరసనాయిలులో నానబెట్టి తోమి పప్పు డబ్బా వెనక పెట్టుకున్నాను.

మొదటిసారి నేనే ప్లగ్గు తీసినప్పుడు ఒక పని చేశాను. మా గుడిలో రొట్టె పంచే బల్లారాధన కంచు పళ్లాలు తోమేది నేనే. చింతపండు, బూడిద పెట్టి తోమితే పాస్టరుగారు వాటిలో ముఖం చూసుకోవచ్చు. ఆ నల్లటి ప్లగ్గు చూడగానే నా చెయ్యి దానికదే చింతపండు కుండలోకి పోయింది. నానబెట్టి, బూడిద వేసి, పీచుతో తోమి, రెండు నీళ్లలో కడిగి బిగించాను. తళతళ మెరిసింది. బండి మాత్రం మూగబోయింది. యూసుఫ్ దాన్ని విప్పి వాసన చూసి నా ముఖం చూశాడు.

"ఇదేంది తల్లీ, పులుసు వాసనొస్తుంది! స్కూటర్ల చారు కాసినవా?"

"మంచిగ తోమిన."

"తోమినవ్, మస్తు తోమినవ్. బూడిది లోపట ఇరికింది, నీళ్లు లోపట నిలిచినయ్. ఇది బోలు గాదమ్మా. దీనికి నీళ్లు దుష్మన్."

అప్పుడే ఇంకో మాట కూడా చెప్పాడు. "నువ్వు ఎంత రుద్దినా మళ్లీ నల్లగైతది. మీ ఆయన పెట్రోల్ల నూనె గుమ్మరిస్తున్నడు. నేను జెప్తె ఇనడు."

నిజమే. ఆ రోజుల్లో స్కూటరుకు పెట్రోలుతో పాటు ఇంజను నూనె కలిపి పోయాలి. ఆయన పెట్రోలు డబ్బాలో నూనె వంచేటప్పుడు చూస్తే మామిడికాయ పచ్చడి కలుపుతున్నట్టే ఉండేది. పైకి తేలేదాకా పోయాలి, అప్పుడే పాడుగాదు అన్నట్టు. "ఇంజను ఎండిపోతదే, పాపం. ఎండితె దానికి గూడ నా తీర్గ దమ్మొస్తది" అనేవాడు. తన రొమ్ము బాధ దానికి వద్దని ప్రేమగా నూనె పోసేవాడు. ఆ ప్రేమే ప్లగ్గుకు మసి పట్టించేది. మా పొయ్యి వత్తి ఎక్కువ లేపితే గిన్నె అడుగు నల్లబడుతుంది గదా, ఇదీ అదేనని నాకు తట్టింది. మా డబ్బెడు పెట్రోలుకు నూనె ఎంత పోయాలో యూసుఫ్‌ను అడిగితే ఒక నూనె డబ్బా మూత చూపించాడు. "తక్కువైతే మాత్రం ఇంజను పట్టేస్తది, యాదుంచుకో. నడుస్తున్న చక్రం నిలవడ్తది. మనిషి ఎగిరి పడ్తడు" అన్నాడు. ఆ మూత అడిగి తెచ్చుకుని ఇంట్లో నీళ్లు పోసి చూసుకున్నాను. మా గిద్దతో సరిగ్గా గిద్దెడు వచ్చింది.

కొలత తెలిసింది గాని ధైర్యం రాలేదు. ఆయన చేతి నూనెతో నడిస్తే ఆయాసంతో పోతాడు, నా కొలతతో నడిస్తే రోడ్డు మీద పడతాడు, ఈ రెంటి మధ్య నేను చాలా రోజులు ఊగాను. ఇంతలో మిల్లులో కబురు పుట్టింది. పట్నం నుంచి పెద్ద డాక్టరు వచ్చి పత్తి ఖాతా వాళ్లందరి రొమ్ములు చూస్తాడట. ఎందుకు చూస్తాడో ఎవరికీ తెలియదు. తేలిక పని ఇస్తారని ఒకరిద్దరన్నారు. ఊపిరి సరిగా లేనివాళ్లను ఇంటికి పంపేస్తారని మిగిలినవాళ్లంతా అన్నారు. మాకు ఆ జీతం తప్ప ఏమీ లేదు. చెలక స్కూటరు కిందికి పోయింది.

ఆ కబురు వచ్చిన దగ్గర్నుంచి మా అత్త సాయంత్రాలు డాక్టరయింది. అరుగు మీద కాళ్లు చాపుకుని, బియ్యం చాట ఒళ్లో పెట్టుకుని కొడుకును నిలబెట్టేది.

"దమ్మొస్తదా?"

"రాదు సార్."

"మెట్లెక్కుతవా?"

"ఎక్కుత సార్." ఇక్కడ దగ్గు.

"దగ్గెందుకొచ్చిందిరా?"

"పొద్దుగాల సల్లనీళ్లు తాగిన సార్."

"రోజు సల్లనీళ్లనే జెప్తవా? పొలమారిందని జెప్పు."

నవ్వు వచ్చేది, నవ్వలేకపోయేవాళ్లం. పరీక్ష ముందటి రోజు పొద్దున బండి అసలు కదలలేదు. కొట్టి కొట్టి ఆయన పెదవులు నీలంగా అయ్యాయి. బండి వదిలేసి బస్సుకు పోయాడు. నేను యూసుఫ్ దగ్గరికి పరుగెత్తాను. దుకాణానికి తాళం. తమ్ముడి పెళ్లికి బీదర్ పోయాడన్నారు. తిరిగొచ్చి వాకిట్లో గోనెసంచి పరిచాను. గొట్టం లాగి ట్యాంకులో ఉన్న జిడ్డు పెట్రోలంతా డబ్బాలోకి దింపాను. పారబోయడానికి చెయ్యి రాలేదు, సీసాలకెత్తి దాచాను. చాలా నెలలు బోల్టులు కడగడానికి అదే పనికొచ్చింది. ఆయన తెచ్చిపెట్టిన కొత్త పెట్రోలులో గిద్దెడు నూనె పోసి కలిపి, మూత బిగించి పక్కన పెట్టాను. ప్లగ్గు తీసి పొడిగా, నీటిచుక్క తగలకుండా రుద్దాను. ఇక నిప్పు రాలుతుందో లేదో చూడాలి. దానికి ఇద్దరు కావాలి. ఒకరు ప్లగ్గును ఇంజను ఇనుముకు ఆనించి పట్టుకోవాలి, ఒకరు కిక్కు కొట్టాలి. పెట్రోలు డబ్బాలన్నీ గోడ అవతల పెట్టి అత్తను పిలిచాను.

"గీ వయసుల నన్ను అగ్గిల తోస్తవా?"

"అగ్గి గాదత్తా, జరంత మెరుస్తది. పాతగుడ్డ సుట్టి వట్టుకో."

పట్టుకుంది. గుడ్డ జారింది. నేను కొట్టగానే ఆమె కెవ్వున అరిచి చెయ్యి విదిలించి, "సైతాను! సైతాను కుట్టింది!" అంటూ గోడ దాకా పోయింది. ఇరుగుపొరుగు గోడల మీద తలలు అప్పుడే లేచాయి. నేను అడిగింది ఒకటే, "మెరిసిందా?"

"మెరిసింది. నీలంగ మెరిసింది. నీ మొకం మండ."

అప్పటికే పొద్దు వాలుతున్నది. ప్లగ్గు ఇంకా నా చేతిలో ఉండగానే ఆయన వచ్చాడు. అక్కడ మొదలయింది నేను మొదట రాసిన తగాదా.

కూలబడ్డ మనిషి కాసేపటికి లేచి నూనె సీసా వెతకడం మొదలుపెట్టాడు. బియ్యం కుండ వెనక దొరికింది. నేను పెట్రోలు డబ్బా మీద చెయ్యి పెట్టి నిలబడ్డాను. "పోస్తే పొయ్యి. పోసి రేపు ఆగిన కాడ నిలవడు."

"ఇంజను పట్టేస్తే?"

"పట్టేస్తే నేను నీ ఎనక కూసుంట. ఇద్దరం వడ్తం. కిక్కు గూడ నేనే కొడ్త."

"కిక్కు నువ్వు కొడ్తవా? మొగనికి శాతగాక పెండ్లం కొడ్తుందని రోడ్డు మీద నవ్వరా?"

"రోడ్డు మీద కొట్ట. తలుపు మూసి వాకిట్లనే కొడ్త. నడిమిట్ల ఆపకుంట పో, అంతే."

ఆయన సీసా మూత తీశాడు, పెట్టాడు, మళ్లీ తీశాడు. చివరికి అత్త లేచి సీసా లాక్కుని, "నాకు షాకు కొట్టిన బండి ఇది. నడవకుంటె నేనే తగలవెడ్త. పోయి తిను" అంది. అప్పుడు తెలిసింది ఆయనకు తల్లి కూడా ఇందులో ఉందని. అన్నం ముందు కూర్చుని మెతుకులు లెక్కపెట్టినట్టు తిన్నాడు. నా నాలుక మీద మాత్రం గిద్ద మాటే తిరిగింది. మూతనిండా నీళ్లు నిలిచే తీరు, నూనె నిలిచే తీరు ఒకటేనా? అంచు దాకా పోశానా, కొంచెం తక్కువయిందా? వెళ్లి గిద్దను వేలితో తడిమి చూశాను. వేలికి నూనె అంటింది. అది చూసి ఏం తెలుస్తుంది?

ఇప్పటి పిల్లలకు ఆ భయం లేదు, మంచిదే. బటన్ నొక్కుతారు, కదలకపోతే ఫోను చేస్తారు. మా స్నేహకు ప్రాణం ఎగబోసుకునే పని లేదు, నేను కోరుకున్నదీ అదే. నాచారంలో ఆ మిల్లు గోడల లోపల ఇప్పుడు అపార్టుమెంట్లు లేచాయి, కింద బళ్ల వరుసలు. వాటి డొప్పలు తీస్తే లోపల ఇంకో డొప్ప ఉంటుందట, అది తీయడానికి కంపెనీ పానా కావాలట. మా బండి ఎన్ని తిప్పలు పెట్టినా ఏమైందో మాకు చూపించేది. నల్లగా ఉందా, తడిగా ఉందా, తెల్లగా ఎండిందా అని చేత్తో పట్టుకుని చూసేవాళ్లం. ఆయన రొమ్ములో ఏముందో చూసే దారి మాత్రం మాకు లేదు. దాని గురించి ఎవరూ రాయి మీద కూర్చోబెట్టి చెప్పలేదు. అందుకే స్కూటరు మీద అంత పడ్డానేమో. బాగు చేయగలిగింది అదొక్కటే.

తెల్లవారింది. ప్లగ్గు బిగించి, కలిపిపెట్టిన పెట్రోలు ట్యాంకులో పోసి, వాకిలి తలుపు మూశాను. చీర కుచ్చిళ్లు పైకి దోపి, పెట్రోలు నాబు తిప్పి, బండిని ఒక పక్కకు వంచి లేపి కిక్కు కొట్టాను. ఏమీ రాలేదు. ఆయన మెడ మీది నరం కదిలింది. మళ్లీ కొట్టాను. ఇంజను దగ్గింది. మళ్లీ కొట్టేసరికి అందుకుంది. ఆయన వెనక్కి తిరిగి పొగ చూశాడు. సన్నగా, తెల్లగా వచ్చింది. "పొగ ఏదే?" అన్నాడు, ఏదో పోగొట్టుకున్నట్టు.

హబ్సిగూడ ఎత్తు దాకా నేను ఊపిరి బిగబట్టే కూర్చున్నాను. ఒక చేత్తో ఆయన చొక్కా, ఇంకో చెయ్యి ఇంజను డొప్ప దగ్గర. వేడి ఎక్కువవుతుందా, చప్పుడు మారుతుందా అని. ఎదురుగాలికి ఆయన దగ్గినప్పుడల్లా ఇంజనే దగ్గిందనుకున్నాను. ఎత్తు ఎక్కింది. నాచారం మలుపు తిరిగింది. మిల్లు గేటు దాకా ఆగలేదు.

మిల్లు దవాఖానా వరండాలో పత్తి ఖాతా వాళ్లంతా వరుసగా నిలబడ్డారు. అందరూ నోళ్లు మూసుకుని, ముక్కుతో మెల్లగా గాలి పీలుస్తూ, ఛాతీలు ముందుకు పెట్టారు. ఎవరూ మాట్లాడలేదు, మాట్లాడితే దగ్గొస్తుందని. నేను కిటికీ పక్కన నిలబడ్డాను. ఆయన వంతు వచ్చింది. డాక్టరు గొట్టం పెట్టి ముందు విన్నాడు, వెనక విన్నాడు.

"ఆయాసం వస్తుందా?"

"రాదు సార్."

"మెట్లు ఎక్కుతావా?"

"ఎక్కుత సార్."

"ఎట్లా వచ్చావు ఇక్కడికి?"

"స్కూటరు మీద సార్."

"కిక్కు కొడితే ఆయాసం వస్తుందా?"

మా అత్త వేసిన ప్రశ్నల్లో ఇది లేదు. నేను కిటికీ చువ్వ పట్టుకున్నాను. రాదు అను, ఒక్క మాట, రాదు అను.

"నేను కొట్ట సార్," అన్నాడు. "మా ఇంటామె కొడ్తది. నేను కొడితె పానం పోతది."

వరుసలో ఎవరో నవ్వారు. నవ్వినతనికే దగ్గొచ్చింది. డాక్టరు నవ్వలేదు. దగ్గమన్నాడు, దగ్గించాడు, మళ్లీ గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. ఇంగ్లీషులో ఏదో రాసి కాంపౌండరుకు ఇచ్చాడు. కాంపౌండరు బయటికొచ్చి, "ప్రకాశం, నిన్ను పత్తి ఖాతాల కెల్లి తీసిండ్రు" అన్నాడు.

"తీసేసిండ్రా?" చువ్వ వదిలి అతని ముందుకు పోయాను.

"తీసేసుడు గాదమ్మా, మార్చిండ్రు. గేటు కాడ తూకం కాంటా మీద ఏసిండ్రు. జీతం జర తక్కువ. ఆడ దుమ్ముండదు."

ఆయన గేటు దాకా నడిచి, బండి మీద కూర్చుని, రెండు చేతులతో హ్యాండిలు పట్టుకున్నాడు. షిఫ్టు దిగిన జనం గేట్లోంచి వస్తున్నారు. నేను వాళ్లు పోయేదాకా ఆగుదామని పక్కకు జరిగాను.

"కొట్టు," అన్నాడు.

కుచ్చిళ్లు పైకి దోపి కొట్టాను.